చిన్న కారు ఎత్తు: టైరు ఎంత పెంచుతుంది, మనం ఎంత పోగొట్టుకుంటాం

అనంతపురంలో గానీ కర్నూలులో గానీ చిన్న కారుతో టైర్ల దుకాణానికి వచ్చేవారి ఫిర్యాదు తరచుగా ఒకటే: బండి కింద తగులుతోంది. స్పీడ్ బ్రేకర్ దాటేటప్పుడు, మెయిన్ రోడ్డు నుంచి సందులోకి దిగేటప్పుడు, పల్లెలో సిమెంటు రోడ్డు అంచు దిగేటప్పుడు పొట్ట కింద గరగరమని చప్పుడు. దానికి అడిగే విరుగుడు కూడా ఒకటే. పదమూడు తీసేసి పద్నాలుగు, పద్నాలుగు తీసేసి పదిహేను అంగుళాల డిస్కులు వేస్తే కారు లేస్తుంది కదా అని. చూడటానికి సబబుగానే ఉంటుంది. పెద్ద చక్రం వేస్తే కారు ఎత్తు పెరగక ఎక్కడికి పోతుంది అనిపిస్తుంది. కానీ వేలకు వేలు పోసి అలాయ్ వీల్స్ వేయించుకున్నాక చాలా కార్లు అంతకుముందు ఎంత ఎత్తులో ఉన్నాయో అంతే ఎత్తులో ఉంటాయి. పైగా గతుకుల్లో మునుపటికంటే గట్టిగా కొడతాయి. ఎందుకలా జరుగుతుందో టైరు పక్కన అచ్చు పోసిన అంకెలే చెబుతాయి. వాటిని చదవడం ఐదు నిమిషాల పని.

165/80 ఆర్14 అనే టైరును తీసుకుందాం. మొదటి అంకె టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. రెండోది టైరు పక్కగోడ ఎత్తు ఆ వెడల్పులో ఎంత శాతమో చెబుతుంది. ఆర్ అన్న అక్షరం రేడియల్ టైరు అని తెలుపుతుంది. చివరి అంకె టైరు కూర్చునే డిస్కు వ్యాసం, అంగుళాల్లో. ఒకే వరుసలో మిల్లీమీటర్లు, శాతం, అంగుళాలు కలగలిసి ఉండటం వల్ల కొనేవారి కన్ను చివరి అంకె మీదే ఆగిపోతుంది. లెక్క మాత్రం తేలిక. 165లో 80 శాతం 132. అంటే డిస్కు అంచు నుంచి నేల దాకా 132 మి.మీ. పక్కగోడ. 14 అంగుళాల డిస్కు 355.6 మి.మీ. దానికి పైన ఒక 132, కింద ఒక 132 కలిపితే చక్రం మొత్తం వ్యాసం 619.6 మి.మీ.

ఇప్పుడు 185/65 ఆర్15 చూడండి. పక్కగోడ 120 మి.మీ., మొత్తం వ్యాసం 621.5. ఇంకో మెట్టు పైకి వెళ్లి 195/55 ఆర్16 తీసుకుంటే పక్కగోడ 107 మి.మీ., వ్యాసం 620.9. పద్నాలుగు, పదిహేను, పదహారు అంగుళాల డిస్కులు మూడూ వేరు, కానీ నేల నుంచి చక్రం పైఅంచు వరకు కొలిస్తే మూడింటికీ మధ్య తేడా 2 మి.మీ. లోపే. కారు తయారుచేసే కంపెనీలు కావాలనే ఇలా చేస్తాయి. స్విఫ్ట్‌లో తక్కువ ధర రకాలకు 165/80 ఆర్14, ఎక్కువ ధర రకాలకు 185/65 ఆర్15 ఇచ్చింది ఈ లెక్క మీదే. స్పీడోమీటరు, గేర్లు, చక్రాల గూడు అన్నీ ఒక వ్యాసానికి సరిపోయేలా తయారైన కారుకు, ఆ వ్యాసం మారకుండా డిస్కు మాత్రం పెంచుతారు. డిస్కు పెరిగినంత మేరా రబ్బరు తరిగిపోతుంది. చూపుకు చక్రం నిండుగా కనబడుతుంది. ఎత్తులో వచ్చిన లాభం మిల్లీమీటరు దాటదు.

వెడల్పు పెంచితే ఎత్తు పెరుగుతుందన్న నమ్మకం కూడా అంతే. 165/70 ఆర్14 వాడే కారుకు 175/65 ఆర్14 వేశారనుకుందాం. మొదటి అంకె పెరిగింది, టైరు దిట్టంగా కనబడుతుంది, కానీ వ్యాసం 586.6 నుంచి 583.1కి తగ్గింది. డబ్బిచ్చి మరీ కారును దాదాపు 2 మి.మీ. కిందికి దింపుకున్నట్టే.

ఆ 3.5 మి.మీ. తేడా నేల దగ్గర ఎందుకు సగమైందంటే, కారు బరువు మోసేది చక్రం మధ్యనున్న ఇరుసు. నేల నుంచి ఇరుసు దాకా ఉండేది వ్యాసంలో సగమే. అందుకే వ్యాసం ఎంత పెరిగితే కారు దానిలో సగమే లేస్తుంది. ఈ సూత్రానికి కాగితం మీద లెక్క మాత్రమే కాక అమ్మకానికి వచ్చిన కారే సాక్ష్యం ఉంది. రెనో క్విడ్ 2015లో 155/80 ఆర్13 టైర్లతో, 180 మి.మీ. గ్రౌండ్ క్లియరెన్స్‌తో, అంటే నేలకూ కారు అడుగుకూ మధ్య అంత ఖాళీతో వచ్చింది. 2019లో మార్పులు చేసిన కారుకు 165/70 ఆర్14 టైర్లు ఇచ్చారు, క్లియరెన్స్ 184 మి.మీ. అని చెప్పారు. రెండు టైర్ల వ్యాసాల తేడా 8.4 మి.మీ. దానిలో సగం 4.2. డిస్కు ఒక అంగుళం, అంటే 25 మి.మీ.కి పైగా పెరిగితే కారు లేచింది 4 మి.మీ. కొత్త డిస్కులు కొనేముందు ఈ ఒక్క ఉదాహరణ గుర్తుంటే చాలు.

టైరుతో నిజంగా ఎత్తు పెరిగిన సందర్భాలు లేకపోలేదు. మారుతి 800కు వచ్చిన టైరు 145/70 ఆర్12. ఆల్టోకు వచ్చింది 145/80 ఆర్12. డిస్కు ఒకటే, వెడల్పు ఒకటే, పక్కగోడ మాత్రం 101.5 నుంచి 116 మి.మీ.కి పెరిగింది. ఆల్టో టైరును 800కు వేస్తే కారు 14.5 మి.మీ. లేస్తుంది. అందుకే పల్లె రోడ్ల మీద 800 నడిపిన ఎందరో ఈ మార్పు చేయించుకున్నారు. గమనించాల్సింది ఏమిటంటే, వారు డిస్కు ముట్టుకోలేదు. శాతాన్ని చెప్పే ఆ మధ్య అంకెనే మార్చారు.

ఎత్తు అన్నప్పుడు కారులో ఏ భాగం ఎత్తు అన్నది కూడా తేల్చుకోవాలి. కింద తగిలే చోట్లు అన్నీ ఒకటి కావు. ఇంజిన్ కింద ఆయిల్ చాంబర్, మధ్యలో సైలెన్సర్ గొట్టం, ముందు చక్రాలను పట్టి ఉంచే లోయర్ ఆర్మ్, వెనక రెండు చక్రాలను కలిపే అడ్డ దూలం, ముందు బంపర్ కింది పెదవి. టైరు వ్యాసం పెరిగితే ఇవన్నీ కలిసి లేస్తాయి. స్ప్రింగుల మధ్య రబ్బరు దిమ్మలు పెట్టించినా, స్ప్రింగు కింద ఎత్తు పెంచే స్పేసర్ బిళ్ల వేయించినా లేచేది కారు ఒళ్లు మాత్రమే. చక్రాలకు అంటుకుని ఉండే అడ్డ దూలం ఉన్నచోటే ఉంటుంది. ట్రాక్టర్లు తిరిగి రెండు గాళ్లు పడిన చేని దారిలో, మధ్యన మిగిలిన గట్టు తగిలేది తరచుగా ఆ అడ్డ దూలానికీ లోయర్ ఆర్మ్‌కూ. అనంతపురం వేరుశనగ చేలకు వెళ్లే ఎర్రమట్టి దారుల్లో ఆ గట్టు ఎండాకాలానికి రాయిలా గట్టిపడుతుంది. అలాంటి దారిలో రోజూ తిరిగేవారికి స్పేసర్ వల్ల ఒరిగేది తక్కువ. టైరు ఇచ్చే కొద్దిపాటి ఎత్తే అక్కడ అసలైన ఎత్తు.

చక్రం పెద్దదైతేనే కారు ఎత్తుగా ఉంటుందన్నది కూడా నిజం కాదని టాటా నానో చూపించింది. దాని ముందు టైరు 135/70 ఆర్12, వెనకది 155/65 ఆర్12. రెండూ 510 మి.మీ. వ్యాసం కూడా లేనివి. అయినా దాని క్లియరెన్స్ 180 మి.మీ. 620 మి.మీ. చక్రాల స్విఫ్ట్‌కు ఉన్నది 163. ఇరుసుకంటే ఒళ్లు ఎంత పైన ఉండాలన్నది కారు గీతల్లోనే తేలిపోతుంది. టైరు ఆ నిర్ణయాన్ని కొంచెం అటూ ఇటూ జరపగలదు, అంతకుమించి ఏమీ చేయలేదు.

ఆ కొంచెం ఎంత, దానితో ఏ అడ్డంకి దాటవచ్చు అన్నది స్పీడ్ బ్రేకర్ దగ్గర బాగా తెలుస్తుంది. రోడ్ల కొలతలు నిర్దేశించే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం ప్రకారం గంటకు 25 కి.మీ. వేగంతో దాటేందుకు ఉద్దేశించిన గుండ్రటి హంప్ 10 సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పు ఉండాలి. దాని వంపు 17 మీటర్ల వ్యాసార్థం గల వృత్తంలో ఒక ముక్క. స్విఫ్ట్ ముందు చక్రం నుంచి వెనక చక్రానికి దూరం 2,450 మి.మీ. కాబట్టి ఈ హంప్ నడిమిభాగంలో నాలుగు చక్రాలూ హంప్ మీదే ఉంటాయి. అప్పుడు రెండు చక్రాల మధ్య వంపు పైకి పొడుచుకొచ్చేది 44 మి.మీ. మాత్రమే. 163లో 44 పోతే ఇంకా 119 మి.మీ. మిగిలి ఉంటుంది. ఐదుగురు కూర్చున్నా, వెనక సంచులు నింపినా అలాంటి హంప్ మీద ఏ చిన్న కారూ తగలదు. దానికోసం ఎవరూ టైర్లు మార్చనక్కర్లేదు.

మనకు ఎదురయ్యేవి వేరు. ఊరి మధ్యలో ఏదో ప్రమాదం జరిగిన మర్నాడు కాంక్రీటుతో కట్టేసిన దిమ్మలు. అడుగున్నర వెడల్పు, ఆరంగుళాల ఎత్తు. గీతలు ఉండవు, బోర్డు ఉండదు. ముందు చక్రాలు ఎక్కి దిగిపోతాయి, వెనక చక్రాలు ఇంకా రావు, ఆ దిమ్మ సరిగ్గా కారు పొట్ట కింద నిలబడుతుంది. 163లో 150 పోతే 13 మి.మీ. అది కూడా కారు ఖాళీగా ఉన్నప్పటి లెక్క. టైరుతో 8 మి.మీ. పెంచితే 21 అవుతుంది. వెనక సీట్లో ముగ్గురు కూర్చోగానే ఆ 21 కూడా పోయి దిమ్మ తగులుతుంది. ఇక్కడ తప్పు కారుది కాదు, టైరుదీ కాదు. ఒక ఊరి భద్రత కోసం కట్టిన కట్ట ప్రమాణం ప్రకారం కడితే వేగమూ తగ్గుతుంది, బళ్లూ దెబ్బతినవు. అంబులెన్సులో ఉన్న రోగి, ఆటోలో ఉన్న గర్భిణి నడుము కూడా ఆ దిమ్మల మీదే విరుగుతోంది. పంచాయతీలు, పురపాలక సంఘాలు వాటిని తొలగించి సరైన కొలతతో మళ్లీ కట్టాలని అడగడం కారు యజమానుల సొంత సౌకర్యం కోసం మాత్రమే అనుకోనక్కర్లేదు.

ఆ దిమ్మలు ఉన్నంతకాలం దాటే తీరులో ఒక జాగ్రత్త పనికొస్తుంది. చాలామంది చక్రం దిమ్మ ఎక్కుతుండగా బ్రేకు మీద కాలు ఉంచుతారు. బ్రేకు వేసినప్పుడు కారు ముక్కు కిందికి వంగుతుంది, ముందు స్ప్రింగులు కుంగుతాయి, సరిగ్గా ఎత్తు కావలసిన క్షణంలోనే ఎత్తు పోతుంది. దిమ్మకు ముందే వేగం పూర్తిగా తగ్గించి, చక్రం ఎక్కే సమయానికి బ్రేకు వదిలేస్తే ముక్కు తిరిగి లేస్తుంది. రద్దీ లేని చోట కొంచెం ఏటవాలుగా ఎక్కిస్తే చక్రాలు ఒకదాని తర్వాత ఒకటి దిమ్మ మీదికి వస్తాయి, పొట్ట కింద ఖాళీ పెరుగుతుంది. కొత్త టైరు ఇచ్చేదానికంటే ఈ రెండు పద్ధతులతో వచ్చే లాభమే ఎక్కువ, ఖర్చు లేదు.

బరువు సంగతి ఇంకాస్త వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే ఎత్తు ఎక్కువగా పోయేది అక్కడే. కంపెనీ పుస్తకంలోని క్లియరెన్స్ కొన్ని కార్లకు ఖాళీ కారుది, కొన్నింటికి నిండు బరువుది. రెండు కార్లను ఆ అంకెతో పోల్చే ముందు ఏది ఎలా కొలిచారో చూసుకోవాలి. చిన్న కారు వెనక స్ప్రింగులు మెత్తగా ఉంటాయి, లేకపోతే ఒక్కరే ప్రయాణించినప్పుడు ఎగిరెగిరి పడుతుంది. ముగ్గురు పెద్దవాళ్లు వెనక కూర్చుని, డిక్కీలో బియ్యం మూటో పెళ్లి సామానో పెడితే వెనకభాగం 30, 40 మి.మీ. కుంగడం మామూలే. ఏళ్ల తరబడి ఇలా మోసిన స్ప్రింగు బరువు దించాక కూడా పాత ఎత్తుకు పూర్తిగా రాదు. అలా వాలిపోయిన స్ప్రింగులున్న కారుకు పెద్ద టైర్లు వేయడం పగిలిన కుండకు పెద్ద మూత కొనడంలాంటిది. ముందు స్ప్రింగులు, వాటి పైన కింద ఉండే రబ్బర్లు చూపించుకోవాలి. వెనక చక్రం మధ్య నుంచి పైనున్న మడ్‌గార్డు అంచు వరకు టేపుతో కొలిచి, అదే రకం కొత్త కారుతో పోల్చితే ఎంత వాలిందో తెలిసిపోతుంది. ఈ కొలతలో టైరు ప్రమేయం ఉండదు కాబట్టి స్ప్రింగు తప్పు ఒక్కటే బయటపడుతుంది.

టైరు స్వయంగా పోగొట్టే ఎత్తు కూడా ఉంది. కొత్త టైరు మీద గాళ్ల లోతు సాధారణంగా 7, 8 మి.మీ. ఉంటుంది. 1.6 మి.మీ.కి అరిగితే టైరు మార్చాలి. ఆ దశకు వచ్చేసరికి కారు 6 మి.మీ. దాకా దిగిపోయి ఉంటుంది. అరిగిన టైర్లు తీసేసి ఒక సైజు పెద్దవి వేయించుకున్నవారు కారు బాగా లేచిందని సంతోషిస్తారు. ఆ లేచినదానిలో దాదాపు సగం, అదే పాత సైజు కొత్త టైర్లు వేసినా వచ్చేదే. ఇక గాలి. డ్రైవరు తలుపు తెరిస్తే పక్కన అతికించిన కాగితం మీద ఎంత గాలి ఉండాలో రాసి ఉంటుంది, నిండు బరువుకు వేరే అంకె కూడా ఉంటుంది. దానికి ఏడెనిమిది పౌండ్లు తక్కువగా తిరిగే కార్లు లెక్కలేనన్ని. గాలి తగ్గిన టైరు మరో మూడు, నాలుగు మి.మీ. చితుకుతుంది. ఎత్తు తగ్గడం ఒకటే అయితే సర్దుకోవచ్చు. మే నెలలో కర్నూలు నుంచి అనంతపురం దాకా 44వ నంబరు జాతీయ రహదారి మీద గంటకు వంద కిలోమీటర్లతో పోతుంటే, గాలి తక్కువైన టైరు పక్కగోడ క్షణక్షణం వంగి లేచి లోపల వేడి పుట్టిస్తుంది. కింద తారు వేడి, లోపల ఈ వేడి. టైరు పేలడానికి అది చాలు. అందువల్ల గాలిని ఎత్తుకోసం కాకపోయినా ప్రాణం కోసం వారానికోసారి చూసుకోవాలి, అదీ చక్రాలు చల్లగా ఉన్నప్పుడు.

ఎత్తు పెద్దగా మారదు, చక్రం అందంగా ఉంటుంది, మరి పదిహేను, పదహారు అంగుళాల డిస్కు వేసుకుంటే నష్టమేమిటి అని అడగవచ్చు. నష్టం పక్కగోడలో ఉంది. గుంతలో పడినప్పుడు మొదటి దెబ్బ తినేది ఆ రబ్బరే. 132 మి.మీ. పక్కగోడకు నలిగి లేవడానికి చోటుంటుంది. 107 మి.మీ. పక్కగోడ అదే గుంతలో డిస్కు అంచు దాకా నలిగిపోతుంది. డిస్కుకూ గుంత అంచుకూ మధ్య చిక్కుకున్న రబ్బరులో లోపలి దారాలు తెగుతాయి, మర్నాటికి టైరు పక్కన కోడిగుడ్డంత బుడిపె లేస్తుంది. బుడిపె లేచిన టైరుకు మరమ్మతు లేదు, పారేయాల్సిందే. ఇనుప డిస్కు వంగితే పంక్చర్ షాపులో సుత్తితో సరిచేస్తారు. అలాయ్ వీల్ గట్టి దెబ్బకు చిట్లుతుంది.

మన జిల్లాల రోడ్లు ఈ విషయంలో దయ చూపేవి కావు. కర్నూలు, ఆదోని, నంద్యాల వైపు నల్లరేగడి నేల వానకు ఉబ్బి ఎండకు కుంచించుకుపోతుంది. దాని మీద వేసిన తారు రోడ్డు ఎంత నున్నగా వేసినా కొన్నేళ్లకు అలలు తేలుతుంది. కడప వైపు ఎర్రగుంట్ల సిమెంటు లారీలు, బేతంచెర్ల, తాడిపత్రి వైపు బండల లారీలు తిరిగే రోడ్ల మీద ఎండాకాలం తారు మెత్తబడి చక్రాల వెంబడి గాళ్లు పడతాయి. లారీ చక్రాల మధ్య దూరం చిన్న కారు చక్రాల మధ్య దూరం కంటే ఎక్కువ. కాబట్టి కారు ఒక పక్క గాళ్లో, ఒక పక్క గట్టు మీద నడుస్తుంది. అనంతపురం వైపు రోడ్డు అంచుల్లో తేలిన కంకర మొనలు పక్కగోడనే గీరుతాయి. ఇలాంటి చోట 80 శాతం పక్కగోడ ఉన్న టైరు పేదరకపు టైరు అని చిన్నచూపు చూడటం అన్యాయం. కంపెనీ తక్కువ ధర కారుకు ఇచ్చిన ఆ ఇనుప డిస్కు, ఎత్తయిన రబ్బరే మన దారులకు సరైన జోడీ. ఖరీదైన రకం కొన్నవారు కూడా టైర్లు మార్చాల్సిన సమయం వచ్చినప్పుడు, అదే మోడల్ చిన్న డిస్కు తమ కారు బ్రేకుల మీద సరిపోతుందేమో చూసుకుని దానికి దిగితే తప్పు లేదు.

ఉలవ, కంది నూర్పిళ్ల కాలంలో రోడ్డు మీద పంట పరిచిన చోట మాత్రం ఏ టైరూ గట్టెక్కించలేదు. ఎండిన తీగ, కట్టె కారు కింద చుట్టుకుని వేడి సైలెన్సర్ గొట్టానికి ఆనితే నిప్పు అంటుకునే ప్రమాదం ఉంది. అలాంటి మోపు దాటాక బండి ఆపి కిందికి వంగి చూడటం, చిక్కుకున్నది లాగేయడం తప్పనిసరి.

ఇవన్నీ చూసుకున్న తర్వాత కూడా కొంచెం ఎత్తు కావాలనుకునేవారికి ఎంతవరకు పోవచ్చో ఒక హద్దు ఉంది. మొత్తం వ్యాసం అసలు దానికంటే 3 శాతం దాటకూడదన్నది టైర్ల పనిలో అందరూ పాటించే మాట. 165/70 ఆర్14 కారుకు 175/70 ఆర్14 వేస్తే వ్యాసం 600.6 అవుతుంది. పెరిగింది 14 మి.మీ., అంటే 2.4 శాతం. కారు 7 మి.మీ. లేస్తుంది. ఇది హద్దు లోపలే. అదే 14 అంగుళాల డిస్కు మీద 165/80 ఆర్14 కూడా ఎక్కుతుంది కదా అని వేస్తే వ్యాసం 5.6 శాతం పెరుగుతుంది. 16 మి.మీ.కి పైగా ఎత్తు వస్తుందన్న ఆశ సరే, స్టీరింగు పూర్తిగా తిప్పినప్పుడు టైరు లోపలి ప్లాస్టిక్ తొడుగుకు రాసుకుంటుంది, నిండు బరువుతో గుంతలో పడితే పైన స్ప్రింగు పళ్లేనికి తగలవచ్చు. డిస్కు మీద ఎక్కడం వేరు, కారులో ఇమడటం వేరు. మారుతి 800 యజమానులు చేయించుకున్న మార్పు కూడా 5.7 శాతం. దాని లోటుపాట్లు భరించడానికి సిద్ధపడే వారు ఆ పని చేశారు.

స్పీడోమీటరు చక్రం తిరిగిన చుట్లనే లెక్కపెడుతుంది. చుట్టు పెద్దదైన సంగతి దానికి తెలియదు. 2.4 శాతం పెద్ద టైరుతో, అంతకుముందు నిజంగా వంద చూపిన చోట ఇప్పుడు అసలు వేగం 102.4. 5.6 శాతం అయితే 105 దాటుతుంది. మీటరు అసలు వేగంకంటే తక్కువ చూపకూడదన్నది నియమం కాబట్టి కంపెనీలు కాస్త ఎక్కువే చూపేలా అమరుస్తాయి. చిన్న మార్పు ఆ వెసులుబాటులో కలిసిపోతుంది, పెద్ద మార్పు కలవదు. కిలోమీటర్ల లెక్క కూడా తగ్గి పడుతుంది. 2.4 శాతం పెద్ద టైరుతో 10,000 కి.మీ. తిరిగితే మీటరులో 9,767 పడుతుంది. మైలేజీ పడిపోయిందని బెంబేలెత్తేవారు ముందు ఈ తేడా సరిచేసుకుని లెక్కగట్టాలి. అయినా మైలేజీ కొంత తగ్గడం నిజమే. వెడల్పాటి, బరువైన టైరును తిప్పడానికి ఇంజిన్ ఎక్కువ కష్టపడుతుంది.

లాగే బలం తగ్గడం కడప నుంచి రాయచోటి వెళ్లే గువ్వలచెరువు ఘాటులో తెలిసిపోతుంది. చక్రం పెద్దదైతే ప్రతి గేరూ కాస్త పొడవైనట్టే. వెయ్యి సీసీ ఇంజిన్, నలుగురు మనుషులు, ఏసీ, ముందు నెమ్మదిగా పాకుతున్న లారీ. ఇంతకుముందు రెండో గేరులో తేలిగ్గా లాగిన మలుపులో ఇప్పుడు క్లచ్ మీద కాలు పెట్టాల్సి రావచ్చు. రెండు మూడు శాతమే కదా అనిపించినా, ఉన్నదే అంతంతమాత్రంగా ఉన్న చిన్న ఇంజిన్‌కు అది లెక్కలోకి వచ్చే తేడా.

సైజు తర్వాత ఉండే చిన్న అంకె, అక్షరం కూడా చూడకుండా కొనకూడదు. 85టీ అంటే ఆ టైరు ఒక్కటి 515 కిలోలు మోయగలదు, గంటకు 190 కి.మీ. వేగం దాకా తట్టుకుంటుంది. 81 అయితే 462 కిలోలు. కొత్త టైరు అంకె పాత టైరు అంకెకంటే తక్కువ ఉండకూడదు. మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షను, తయారీదారు పేర్కొన్న వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చడానికి ఒప్పుకోదు. వారంటీ ఉన్న కారుకు సస్పెన్షన్ పాడైతే టైరు సైజు సాకుగా చూపే వీలు కంపెనీకి దొరుకుతుంది. అదే మోడల్‌లో మరో రకానికి కంపెనీ ఇచ్చిన సైజుకే మారితే ఈ తలనొప్పి ఉండదు.

మార్పు చేసేవారు నాలుగు చక్రాలకూ చేయాలి. ముందు రెండింటికే చేస్తే కారు ముక్కు లేచి హెడ్‌లైట్ల వెలుగు ఎదుటివారి కళ్లలో పడుతుంది. ఒకే ఇరుసు మీద రెండు వ్యాసాలు ఉంటే మలుపుల్లో రెండు చక్రాలను వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే, గేర్ బాక్సులోని డిఫరెన్షియల్ తిన్నటి రోడ్డు మీద కూడా నిరంతరం తిరుగుతూ అరుగుతుంది. బ్రేకు వేసినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా వాటి వేగాన్ని పోల్చి చూసే ఏబీఎస్ కూడా తికమకపడుతుంది. ఇక్కడే చాలామంది మరిచిపోయేది స్టెప్నీ. నాలుగూ పెద్దవి వేయించి, డిక్కీలో మాత్రం పాతదే ఉంచేస్తారు. గుత్తి దాటాక తాడిపత్రి దారిలో ముందు టైరు పంక్చర్ అయితే ఆ చిన్న స్టెప్నీని నేరుగా ముందు బిగించకూడదు. ఇంజిన్ లాగేది ముందు చక్రాలతో కాబట్టి, ఓపిక చేసుకుని వెనక చక్రం ఒకటి విప్పి ముందుకు వేసి, స్టెప్నీని వెనక బిగించాలి. వేగం తగ్గించి దగ్గర్లోని పంక్చర్ షాపు దాకా మాత్రమే దానితో వెళ్లాలి. నాలుగు టైర్లు కొనేటప్పుడే ఐదోది కూడా అదే సైజులో తీసుకుంటే ఈ విప్పి బిగించే పని ఉండదు.